సహజమైన నీళ్ళు

మన ఊళ్ళలో బండి నంబరు ప్లేటు మీద స్టిక్కర్లు కోసి అంటించే షాపుకి 'రేడియం వర్క్స్' అని బోర్డుంటుంది. ఆటో వెనక మెరిసే దేవుడి బొమ్మ రేడియం. లారీ బంపర్ మీద ఎర్రగీత రేడియం. నిజానికి వాటిలో రేడియం నలుసంత కూడా లేదు. లైటు పడితే తిప్పికొట్టే ప్లాస్టిక్ అది. కానీ వందేళ్ళ కిందట ప్రపంచమంతా మెరుపుకీ, ఆరోగ్యానికీ, కొత్తదనానికీ మారుపేరుగా వాడిన ఆ మాట, అసలు సరుకు అంగళ్ళ నుంచి పోయాక కూడా మన సెంటర్లలో బోర్డుల మీద బతికిపోయింది.

ఇలాగే బతికిపోయిన మాట ఇంకొకటుంది. 'సహజ రేడియోధార్మికత'. యురేనియం గనుల పక్క ఊళ్ళలో బోరు నీళ్ళ మీద గొడవ వచ్చినప్పుడల్లా ఇది వినపడుతుంది. నీళ్ళలో యురేనియం ఉందా? ఉంది. ఎక్కడిది? ఇక్కడి రాయిలోదే, సహజంగా ఉన్నదే. అక్కడితో ఫైలు మూసేస్తారు. ఈ జవాబు సైన్సు ప్రకారం చాలాసార్లు నిజమే. నా పేచీ అల్లా, దాన్ని ప్రశ్న ముగించడానికి వాడటంతోనే. ఐదొందల ఏళ్ళ చరిత్ర తిరగేస్తే ఈ మాట ఎప్పుడెప్పుడు ఎవరి నోట వచ్చిందో, దాని చాటున ఎవరెవరు పోయారో తెలుస్తుంది. అది చూశాక మన కడప బోర్ల దగ్గరికి రావచ్చు.

*

జర్మనీ, చెక్ రిపబ్లిక్ సరిహద్దులో ఎర్ట్స్‌గెబిర్గె అని ఒక కొండల వరస ఉంది. పేరుకి అర్థం ముడిఖనిజాల కొండలు. 1516లో అక్కడ వెండి దొరికి యోఆఖిమ్‌స్తాల్ అనే గని పట్నం లేచింది. ఇప్పటి పేరు యాఖిమొవ్. అక్కడ పోసిన వెండి నాణేల్ని ఊరి పేరు మీద తాలర్లు అనేవారు. ఆ తాలరే దేశాలు తిరిగి, నోళ్ళలో అరిగి, డాలర్ అయింది. నాలుగొందల ఏళ్ళ తరవాత రేడియం కూడా ఆ ఊరి రాతి నుంచే బయటికొచ్చింది.

1527లో గెయోర్గ్ అగ్రికోలా అనే ఆయన ఆ ఊరికి వైద్యుడుగా వచ్చాడు. గనుల పని మీద ఆయన రాసిన 'దె రె మెటాలికా' ఆయన పోయిన మరుసటి ఏడాది, 1556లో అచ్చయింది. నీళ్ళు తోడే యంత్రాలు, కొలుములు, ఖనిజం దంచే రోకళ్ళు, అన్నిటికీ బొమ్మలున్న పుస్తకం. మధ్యలో గనివాళ్ళ రోగాల గురించి కొన్ని పేరాలుంటాయి. కార్పేథియన్ కొండల గనుల దగ్గర ఏడుగురు మొగుళ్ళని చేసుకున్న ఆడవాళ్ళు ఉన్నారని అక్కడ రాశాడు. ఊపిరితిత్తుల్ని తినేసే రోగంతో ఒకడు పోతే ఇంకొకడు. గని జబ్బుకి అప్పట్లో దొరికిన కొలబద్ద అది: ఒక ఆడమనిషి ఎన్నిసార్లు విధవరాలైంది అన్న లెక్క.

కారణం ఏమిటంటే దుమ్ము అన్నాడు, చెడుగాలి అన్నాడు, కొన్ని గనుల్లో దయ్యాలు కూడా ఉంటాయన్నాడు. ఆ కొండల వాళ్ళకి గని దయ్యాలు కొత్త కాదు. కోబాల్ట్ అనే లోహం పేరు అలాంటి ఒక కొంటె దయ్యం పేరే. రోగం కొండ స్వభావం అనుకున్నారు. కొండ అంతే, లోపలికి వెళ్ళినవాణ్ణి తింటుంది. 'సహజం' అన్న మాటకి ఇది మొదటి రూపం.

వెండి తగ్గాక ఒక నల్లటి బరువైన రాయి తగలడం మొదలైంది. వాళ్ళు దాన్ని పెఖ్‌బ్లెండ్ అన్నారు. జర్మన్‌లో 'పెఖ్' అంటే తారు. దురదృష్టం అని కూడా. 1789లో బెర్లిన్‌లో క్లాప్రోట్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ రాయిలో కొత్త లోహం ఉందని కనిపెట్టి, ఎనిమిదేళ్ళ ముందు బయటపడ్డ కొత్త గ్రహం యురేనస్ పేరు మీద యురేనియం అని పేరు పెట్టాడు. తరవాత చాలాకాలం దాని ముఖ్యమైన వాడకం గాజుకీ పింగాణీకీ పసుపుపచ్చ రంగు వెయ్యడమే.

కొండలకి జర్మనీ వైపున్న ష్నేబెర్గ్‌లో 1879లో హార్టింగ్, హెస్సె అనే ఇద్దరు వైద్యులు అక్కడి గనివాళ్ళని తినేస్తున్న 'కొండ జబ్బు' ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేల్చారు. గనివాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది దానితోనే పోతున్నారు. అప్పటికి రేడియోధార్మికత అనే మాటే పుట్టలేదు. బెక్రెల్ దాన్ని చూసింది 1896లో. క్యూరీ దంపతులు యోఆఖిమ్‌స్తాల్ నుంచి తెప్పించిన పెఖ్‌బ్లెండ్ నుంచి పొలోనియం, రేడియం తీసింది 1898లో. అంటే పేరు తెలియని మనిషి చేతిలో దెబ్బలు తిన్నట్టు, మూడొందల ఏళ్ళ పైగా ఆ గనివాళ్ళు దాని చేతిలో చచ్చారు.

*

ఇక్కడి నుంచి కథ నీళ్ళలోకి వస్తుంది.

1903లో జె.జె. థామ్సన్ బావి నీళ్ళలో రేడియోధార్మికత ఉందని చూపించాడు. ఆ వెంటనే యూరప్‌లో, అమెరికాలో పేరున్న వేడినీటి బుగ్గల్ని కొలిచారు. చాలావాటిలో రాడాన్ వాయువు దొరికింది. అయితే ఈ బుగ్గల మహిమకి కారణం ఇదేనన్నమాట, అనుకున్నారు జనం. నేల పెట్టిన ప్రసాదం. యోఆఖిమ్‌స్తాల్‌లో గని లోపలి నుంచి ఊరే నీళ్ళతో 1906లో స్నానాల వైద్యం మొదలైంది. 1912లో 'రేడియం ప్యాలెస్' అనే పెద్ద హోటలు కట్టారు. గని లోపల రాడాన్ పీల్చి మగవాళ్ళు చస్తున్నారు, పైన అదే నీళ్ళలో నానడానికి డబ్బున్నవాళ్ళు రైళ్ళెక్కి వస్తున్నారు. రెండూ ఒకే కొండలో, ఒకే కాలంలో.

ఈ దశలో 'సహజం' అన్న మాట రోగం నుంచి మందు వైపు తిరిగింది. అమెరికాలో రివిగేటర్ అని ఒక కూజా అమ్మేవారు. లోపల యురేనియం ఖనిజం పూత. రాత్రి నీళ్ళు పోసి పొద్దున తాగాలి. మన ఇళ్ళలో రాగి చెంబు నీళ్ళ గురించి చెప్పుకునే మాటలు గుర్తొస్తే తప్పు లేదు, అమ్మకం తీరు అదే. తరవాత విలియం బెయిలీ అనే వ్యాపారి రాడిథార్ అనే చిన్న సీసాలు తెచ్చాడు. దానిలో రేడియం నిజంగానే ఉంది. ఎబెన్ బయర్స్ అనే ధనవంతుడు 1927లో చెయ్యి నొప్పికని మొదలుపెట్టి దాదాపు 1,400 సీసాలు తాగాడు. దవడ ఎముక ఊడొచ్చింది. పుర్రెకి చిల్లులు పడ్డాయి. 1932లో పోయాడు. శవాన్ని సీసం పొదిగిన పెట్టెలో పెట్టి పాతారు.

రేడియం చేసే మోసం చాలా చిన్నది. ఆవర్తన పట్టికలో కాల్షియం ఉన్న నిలువు వరసలోనే కింద రేడియం ఉంటుంది. ఒంటికి తేడా తెలియదు. కాల్షియం అనుకుని ఎముకలో దాచుకుంటుంది. దాని అర్ధజీవిత కాలం 1,600 ఏళ్ళు కాబట్టి మనిషి బతికినంత కాలం అది లోపల్నుంచి కాలుస్తూనే ఉంటుంది.

బయర్స్‌కి ముందే ఈ సంగతి కొందరు అమ్మాయిలకి తెలుసు. న్యూజెర్సీలో వాచీ డయళ్ళకి రేడియం రంగు వేసే పనివాళ్ళు. కుంచె మొన సన్నగా రావాలంటే పెదాలతో తిప్పమనేవారు. అలా రోజూ కొంచెం కొంచెం మింగారు. దవడలు కుళ్ళాయి, ఎముకలు విరిగాయి. అయిదుగురు కోర్టుకెళ్ళి 1928లో రాజీ సొమ్ము తీసుకున్నారు. ఒంట్లో ఎంత రేడియం ఉండొచ్చు అన్న మొదటి హద్దుని అమెరికాలో 1941లో నిర్ణయించారు: 0.1 మైక్రోగ్రాము. ఆ అంకె పునాదిలో ఇలాంటివాళ్ళ ఎముకల కొలతలున్నాయి. ఆ తరవాత వచ్చిన హద్దులన్నీ దాని మీద కట్టినవే. తాగే నీళ్ళలో రేడియం ఎంత ఉండొచ్చో చెప్పే పట్టిక ఎక్కడ కనిపించినా నాకు ఆ పెదాలు గుర్తొస్తాయి.

*

ఇప్పుడు నీళ్ళలోకి ఇవన్నీ ఎలా వస్తాయో కొంచెం చూడాలి. ఇది తెలియకపోతే 'సహజం' వాదంలో ఎంత నిజముందో, ఎక్కడ తిరకాసుందో పట్టుకోలేం.

యురేనియం అరుదైన వస్తువేమీ కాదు. గ్రానైట్ ఎక్కడుంటే అక్కడ కాస్తో కూస్తో ఉంటుంది. దాని అర్ధజీవిత కాలం దాదాపు 450 కోట్ల ఏళ్ళు, అంటే భూమి వయసంత. నెమ్మదిగా విరుగుతూ థోరియం, రేడియం, రాడాన్, పొలోనియం అయి చివరికి సీసం దగ్గర ఆగుతుంది. ఒక కుటుంబం అనుకోండి. తల్లి మెల్లగా నడిచే మనిషి, పిల్లల్లో కొందరు చాలా ఉరకలేసేవాళ్ళు. రాడాన్‌ది నాలుగు రోజులకి లోపే.

నీళ్ళలో బైకార్బొనేట్ ఎక్కువుండి, కాస్త ఆక్సిజన్ కూడా ఉంటే, యురేనియం రాతిని వదిలి నీళ్ళలో కలిసిపోతుంది. సున్నపురాయి జాతి నేలల్లో ఇది బాగా జరుగుతుంది. రంగు ఉండదు, రుచి ఉండదు, వాసన ఉండదు. మరగబెడితే పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ చిక్కబడుతుంది. ఆర్వో ఫిల్టరు మాత్రం చాలావరకు ఆపుతుంది.

తాగినవాళ్ళకి ఏమవుతుంది? ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. తాగే నీళ్ళలో ఉండే మోతాదుల్లో యురేనియం వల్ల మొదట భయపడాల్సింది రేడియేషన్‌కి కాదు, విషానికి. సీసంలాగా అదొక భార లోహం. దాని దెబ్బ మూత్రపిండాల మీద. ఫిన్లండ్‌లో గ్రానైట్‌లో తవ్విన బోర్లలో గని ఏదీ లేకుండానే యురేనియం ఎక్కువుంటుంది. అక్కడ 325 మంది మీద చేసిన పరిశోధన 2002లో వచ్చింది. నీళ్ళలో యురేనియం పెరిగేకొద్దీ మూత్రంలో కాల్షియం, ఫాస్ఫేట్ ఎక్కువ పోతున్నాయని చూశారు. మంచాన పడేంత జబ్బు కాదు, కానీ మూత్రపిండం పని తీరులో మార్పు. రేడియం ఎముకల్లో చేరుతుంది. రాడాన్ నీళ్ళలోంచి ఇంటిగాలిలోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. అంటే ఒకే గ్లాసులో మూడు దారులున్నాయి. పరీక్ష చేసేవాళ్ళు యురేనియం ఒక్కటే కొలిస్తే ఒక దారే చూసినట్టు.

హద్దుల చరిత్ర ఇంకా తమాషాగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరు నీళ్ళలో యురేనియం 1998లో 2 మైక్రోగ్రాములు దాటకూడదంది. 2004లో 15 అంది. 2011లో 30 అంది, అదీ 'తాత్కాలికం' అన్న గుర్తుతో. మన అణుశక్తి నియంత్రణ మండలి హద్దు 60. తాగునీటికి మన భారతీయ ప్రమాణాల్లో యురేనియం అనే వరస చేరిందే 2021లో, 30 అని. రాయి మారలేదు, నీళ్ళు మారలేదు, మూత్రపిండం మారలేదు. అంకె మారింది. దీన్ని కుట్ర అని నేను అనను. కొత్త పరిశోధనలు వచ్చినప్పుడు హద్దులు మారడం సైన్సుకి మామూలే. కానీ మీ బోరులో 45 ఉంటే, మీరు ఏ పట్టిక ముందు నిలబడ్డారన్న దాన్ని బట్టి మీ నీళ్ళు మంచివో చెడ్డవో తేలుతుంది. పట్టిక ఎంచుకునేది మీరు కాదు.

'సహజం' వాదానికి బలమైన సాక్ష్యం కూడా చెప్పాలి. కేరళ కరునాగపల్లి తీరంలో ఇసకలోనే మోనజైట్ ఉంది. అక్కడి ఇళ్ళలో రేడియేషన్ మామూలు కంటే చాలా ఎక్కువ. లక్షల మందిని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనంలో క్యాన్సర్ ఎక్కువ కనిపించలేదు. ఇది నిజం, దీన్ని దాచిపెట్టి మాట్లాడితే ఆ వాదం నిలవదు. అయితే ఆ ఇసక కాళ్ళ కింద ఉంది. అక్కడ కొలిచింది బయటి నుంచి తగిలే కిరణాలు. కడుపులోకి పోయే నీళ్ళ సంగతి వేరు, మూత్రపిండం సంగతి వేరు. పైగా ఆ ఇసకని ఎవరూ పిండి చేసి చెరువులో పొయ్యలేదు.

*

గని సరిగ్గా చేసేది అదే. ఉప్పుగల్లు నీళ్ళలో వేస్తే కరగడానికి టైమ్ పడుతుంది, దంచి వేస్తే క్షణం. యురేనియం మిల్లు కొండని తెచ్చి మెత్తగా రుబ్బి, ఆమ్లంలోనో క్షారంలోనో ఉడికించి, యురేనియం తీసుకుని మిగతా బురదని చెరువు కట్టి పోస్తుంది. తుమ్మలపల్లె లాంటి చోట ఖనిజంలో యురేనియం 0.04 శాతం దగ్గర ఉంటుంది. అంటే 100 కిలోల రాయిలో 40 గ్రాములు. మిగతాదంతా చెరువుకే. యురేనియం పోయింది కదా ఇంకేముంటుంది అనుకుంటాం. తల్లిని తీసుకుపోయారు, పిల్లల్ని వదిలేశారు. రాతిలో మొదట ఉన్న రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. అందులో ఉన్న థోరియం-230 సగం అవడానికే 75,000 ఏళ్ళు పడుతుంది. అంతకాలం అది రేడియాన్ని కంటూ ఉంటుంది.

ఈ చెరువు తెగితే ఏమవుతుందో అమెరికాలో 1979 జులై 16న చూశారు. న్యూమెక్సికోలో చర్చ్ రాక్ అనే చోట గట్టు తెగి దాదాపు 35 కోట్ల లీటర్ల ఆమ్లపు నీళ్ళు, 1,100 టన్నుల బురద ప్వెర్కో అనే ఏట్లోకి పోయాయి. దిగువన నవాహో జాతి వాళ్ళు, వాళ్ళ గొర్రెలు. దానికి మూడున్నర నెలల ముందే త్రీ మైల్ ఐలండ్ రియాక్టరు ప్రమాదం జరిగింది. ఆ పేరు ప్రపంచానికంతా తెలుసు. బయటపడ్డ రేడియోధార్మికత లెక్కన దానికంటే పెద్దదైన చర్చ్ రాక్ పేరు ఎందరికి తెలుసు? విపత్తు ప్రాంతంగా ప్రకటించమని నవాహోలు అడిగితే రాష్ట్ర గవర్నరు ఒప్పుకోలేదు. ఆ నేలలోనే పనిచేసిన నవాహో గనివాళ్ళ మీద 1950 నుంచి ప్రభుత్వ ఆరోగ్య శాఖ అధ్యయనం చేస్తూ ఉంది. ష్నేబెర్గ్ సంగతి అప్పటికి డెబ్భై ఏళ్ళ పాతది. ఐనా ముప్పు ఏమిటో గనివాళ్ళకి చెప్పలేదు. పరిహారం చట్టం 1990లో వచ్చింది.

మన దేశంలో మొదటి యురేనియం గని జాదూగూడ. ఇప్పటి ఝార్ఖండ్‌లో, సంతాల్, హో ఆదివాసుల ఊళ్ళ మధ్య. దాన్ని నడిపే యుసిఐఎల్ 1967లో పుట్టింది. అక్కడ తయారైన పసుపు పిండి మన హైదరాబాద్‌లో మౌలాలి దగ్గరున్న అణు ఇంధన సముదాయానికి వస్తుంది. ఆ బురద చెరువుల చుట్టూ పిల్లల అవకరాల గురించి, గర్భస్రావాల గురించి ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. 1999లో శ్రీప్రకాశ్ తీసిన డాక్యుమెంటరీతో అవి బయటి జనానికి తెలిశాయి. 2004లో సుప్రీంకోర్టు ముందుకి వెళితే, అణుశక్తి సంఘం ఇచ్చిన అఫిడవిట్‌తో కోర్టు తృప్తిపడి పిటిషన్ కొట్టేసింది. 2006 డిసెంబరులో బురద తీసుకెళ్ళే పైపు పగిలి పక్కనున్న వాగులోకి పోయింది. 2007లో వైద్యుల సంఘం ఒకటి సర్వే చేసి అవకరాలు ఎక్కువున్నాయంది. ప్రభుత్వ సంస్థలు కాదన్నాయి. అక్కడ ఉన్న రేడియేషన్ 'సహజ స్థాయిలోనే' ఉందన్నాయి.

గని రాకముందు ఎంత ఉంది? ఆ అంకె ఊళ్ళవాళ్ళ చేతిలో లేదు. ఉన్నవాళ్ళు తవ్వేవాళ్ళు. 1962 అణుశక్తి చట్టం సమాచారం దాచిపెట్టే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. తవ్వే సంస్థ, కొలిచే ప్రయోగశాల రెండూ అణుశక్తి శాఖ కిందివే. నియంత్రణ మండలికి తగిన స్వతంత్రత లేదని 2012లో కాగ్ నివేదికే ఎత్తిచూపింది. అత్తగారి మీద ఫిర్యాదుని అత్తగారే విచారించినట్టు.

*

1872లో విలియం కింగ్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ళ మీద పెద్ద గ్రంథం అచ్చు వేశాడు. రాతి పొరలకి మన ఊళ్ళ పేర్లు, ఏళ్ళ పేర్లు పెట్టాడు. పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, గుల్చేరు, వేంపల్లె. భూగర్భ శాస్త్రం చదివేవాళ్ళు ఎక్కడున్నా ఇప్పటికీ ఆ పేర్లే వాడతారు. దాదాపు 200 కోట్ల ఏళ్ళ నాటి వేంపల్లె పొరలో, సున్నపురాతి జాతికి చెందిన డోలమైట్ రాతిలో, యురేనియం ఉంది. ఆ పొర పాపఘ్ని సముదాయంలోది. పాపఘ్ని అంటే పాపాలని పోగొట్టేది.

పులివెందుల పక్కన వేముల మండలం తుమ్మలపల్లెలో 2007 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి శంకుస్థాపన చేశారు. 2012 నాటికి గని, మిల్లు పని మొదలుపెట్టాయి. 2011లో అణుశక్తి సంఘం అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ అక్కడ 49,000 టన్నులు ఖాయంగా ఉన్నాయనీ, లక్షన్నర దాకా పోవచ్చనీ ప్రకటించాడు. పేపర్లన్నీ ప్రపంచంలోనే పెద్ద నిల్వ కావచ్చు అని రాశాయి.

రాయి సున్నపు జాతిది కాబట్టి ఆమ్లం పనికిరాదు, రాయే ఆమ్లాన్ని తాగేస్తుంది. అందుకని ఇక్కడ సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లతో, వేడి మీద, ఒత్తిడి పెట్టి యురేనియాన్ని లాగుతారు. పైన చెప్పిన బైకార్బొనేట్ సంగతి గుర్తుందా? నేల కింద కోట్ల ఏళ్ళుగా నీళ్ళు మెల్లగా చేస్తున్న పనినే మిల్లు గంటల్లో చేస్తుంది. రసాయనం ఒకటే. అందుకే ఇక్కడ 'సహజం'కీ 'గని'కీ మధ్య గీత గీయడం ఇంత కష్టం.

కొన్నేళ్ళకి కె.కె. కొట్టాల, కణంపల్లె, మబ్బుచింతలపల్లె వైపు రైతులు చెప్పడం మొదలుపెట్టారు. బోరు నీళ్ళు మారాయి. పారించిన చోట నేల మీద తెల్లగా పేరుకుంటోంది. అరటి తోటలు ఎండుతున్నాయి. ఒళ్ళు దురదలు పెడుతోంది. పదవీ విరమణ చేసిన శాస్త్రవేత్త కె. బాబూరావు 2018లో అధికారులకి ఉత్తరాలు రాశాడు. బురద చెరువు అడుగున అనుమతుల్లో చెప్పిన తీరులో బంకమట్టి, ప్లాస్టిక్ పొర వెయ్యలేదన్నది ఆయన అభ్యంతరం. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకి నోటీసు ఇచ్చింది, నిపుణుల కమిటీ వేసింది. సంస్థ వైపు జవాబు మనకి తెలిసిందే. చెరువు నుంచి ఊట లేదు, ఈ నేలలో యురేనియం సహజంగానే ఉంది.

ఈ జవాబుని పరీక్షించడం అసాధ్యమేమీ కాదు. అరటి ఎండటానికీ, దురదకీ యురేనియం కంటే సోడియం లవణాలు దగ్గరి అనుమానితులు. మిల్లు వాడేది సరిగ్గా అవే. బోరు నీళ్ళలో యురేనియంతో పాటు సోడియం, సల్ఫేట్ కూడా పెరిగాయా? చెరువుకి దగ్గరగా ఎక్కువ, దూరంగా తక్కువ ఉన్నాయా? 2012కి ముందు ఆ బోర్లలోనే ఎంత ఉండేవి? ఏటా ఎలా మారాయి? ఈ నాలుగు ప్రశ్నలకి జవాబులుంటే ఎవరి మాట నిజమో చాలావరకు తేలుతుంది. బోరు వేయించుకున్న రైతు దగ్గర మాత్రం లోతు, మోటారు గుర్రపుశక్తి, అప్పు లెక్క ఉంటాయి. నీళ్ళ లెక్క ఉండదు. 'సహజం' అన్న మాట సైన్సుగా మొదలై దబాయింపుగా మారేది అక్కడే: ముందు కొలత ఒకరి దగ్గరే ఉన్నప్పుడు.

తెలంగాణ వైపు కథ వేరేగా నడిచింది. నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు తండాల దగ్గర గని కోసం 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం గట్టిగా ఎదురు తిరిగారు. ఆ చోటు నాగార్జునసాగర్‌కి ఆనుకుని ఉంది. హైదరాబాద్‌కి కృష్ణా నీళ్ళు పంపే అక్కంపల్లి రిజర్వాయరు దగ్గరే ఉంది. ఆ గని ఇంతవరకు రాలేదు. 2019లో నల్లమలలో, అమ్రాబాద్ పులుల అడవిలో యురేనియం వెతుకుతారని తెలిస్తే చెంచుల ఆందోళనకి నగరం గొంతు కలిసింది. సినిమావాళ్ళు పోస్టులు పెట్టారు. మనలో చాలామంది డీపీలు మార్చాం, నేను కూడా. సెప్టెంబరులో శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానించింది. మంచిదే జరిగింది. కానీ అదే ఏడాది, అదే నెలల్లో, నల్లమలకి దక్షిణాన వేములలో తవ్వకం రోజూ నడుస్తోంది, బోర్ల మీద ఫిర్యాదులు నడుస్తున్నాయి. అడవి, పులి, జలపాతం ఫొటోకి వస్తాయి. తెల్లగా పేరుకున్న చేను రాదు. లంబాపూర్ దిగువన మన కుళాయి ఉంది. తుమ్మలపల్లె దిగువన లేదు.

*

నీళ్ళలో రాతి రోగం మనకి కొత్త కాదు. ఫ్లోరోసిస్ మన దేశంలో మొదట నమోదైందే తెలుగు నేల మీద. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి, కనిగిరి వైపు నుంచి. అదీ గ్రానైట్ నుంచి సహజంగా వచ్చిందే, అదీ ఎముకల్లో చేరేదే. నల్గొండలో వంగిపోయిన కాళ్ళ ఫొటోలు చూడని తెలుగువాడు ఉండడు. అక్కడ తవ్వి వదిలేసినవాడు లేడు, నేరం మోపడానికి కంపెనీ లేదు. ఐనా ఫ్లోరైడ్ సహజం కాబట్టి తాగండి అని ఎవరూ అనలేదు. నీళ్ళు మార్చాలి అన్నారు. ఆలస్యంగా, తరాలు పోయాక, కృష్ణా నీళ్ళు తెచ్చారు. అంటే 'సహజం' అన్నది బాధ్యత తప్పించే మాట కానక్కర్లేదు. సహజంగానే విషం ఉన్న చోట ఇంకా ముందుగా కొలవాలి, ఇంకా తొందరగా వేరే నీళ్ళివ్వాలి, తవ్వే ముందు పదిసార్లు ఆలోచించాలి. వాదం అటువైపు కూడా నడుస్తుంది. దాన్ని ఒకవైపే నడిపించింది మనమే.

తుమ్మలపల్లెకి కొద్ది దూరంలో, అదే కడప జిల్లాలో, ఎర్రగుంట్ల మండలం కలమళ్ళలో ఒక రాతి శాసనం ఉంది. రేనాటి చోళుల కాలంది, క్రీ.శ. 575 ప్రాంతానిది. తెలుగులో మనకి దొరికిన మొదటి శాసనాల్లో ఒకటి. దానికి 1,450 ఏళ్ళు. కొన్ని పంక్తులు అరిగిపోయాయి, ఉన్నవాటిని కూడా పండితులు తడుముకుంటూ చదవాలి. తెలుగు రాత వయసంతా కలిపినా తుమ్మలపల్లె బురదలోని థోరియం సగం అవడానికి పట్టే కాలంలో యాభయ్యో వంతు. ఆ గట్టు మీద హెచ్చరిక బోర్డు ఏ భాషలో, ఏ లిపిలో రాయాలో నాకు తోచదు. ఈలోగా చెయ్యగలిగినది ఒకటుంది. చుట్టూ ఉన్న ప్రతి ఊళ్ళో, ప్రతి బోరుకీ, యురేనియం, రేడియం, సోడియం, సల్ఫేట్ ఎంతెంత ఉన్నాయో ఆ శాఖకి చెందని ప్రయోగశాలతో ఏటా కొలిపించి, తేదీ వేసి, ఇప్పటి తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించడం. గని పాతికేళ్ళకో ముప్ఫై ఏళ్ళకో మూతపడుతుంది. ఆ గోడ మీద రాత మాత్రం తరవాత కూడా ఎవరో ఒకరు కొనసాగించాలి.